ఐటీఆర్ గడువు పోయింది, డిసెంబర్ 31 కూడా పోయింది: సొంత పని చేసుకునేవాళ్ళకి ఇప్పుడు మిగిలిన దారులు
(ఎపిసోడ్ పూర్తి పాఠం. రికార్డ్ చేసింది 2026 జనవరిలో, సంక్రాంతి అయ్యాక)

కశింకోట నుంచి మాట్లాడుతున్నాను. అరిసెల డబ్బా ఇంకా ఖాళీ అవ్వలేదు, అప్పుడే ఈ ట్యాక్స్ గోల ఏటి అనుకోవద్దు. పండగ ముందు, పండగ తర్వాత మన ఛానల్‌కి వచ్చిన మెసేజ్‌లు చూస్తే సగానికి సగం ఒకటే ప్రశ్న. "అన్నా, రిటర్న్ వెయ్యలేదు. డిసెంబర్ 31 కూడా దాటిపోయింది. ఇప్పుడు ఏటవుతాది?" అందుకే ఈ ఎపిసోడ్ మొత్తం దీని మీదే.

ఇది జీతం తీసుకునేవాళ్ళ కోసం కాదు. వాళ్ళకి కంపెనీ ఫారం 16 ఇస్తుంది, ఆఫీసులో ఎవరో ఒకరు గుర్తు చేస్తారు. మనకి గుర్తు చేసేవాళ్ళు ఉండరు. సెల్ ఫోన్ రిపేర్ షాపు, గూడ్స్ ఆటో, అచ్యుతాపురం కంపెనీలకి అద్దెకి పెట్టిన కారు, ఇంట్లో కూర్చుని హైదరాబాద్ కంపెనీకి కోడింగ్ చేసే ఫ్రీలాన్స్ పని, అనకాపల్లి మార్కెట్‌లో బెల్లం కమీషన్ వ్యాపారం, ఎల్ఐసీ ఏజెన్సీ, యూట్యూబ్ డబ్బులు, ఫోన్‌లో ఎఫ్ అండ్ ఓ ట్రేడింగ్. ఇవన్నీ ట్యాక్స్ వాళ్ళ లెక్కలో వ్యాపారం, లేదా వృత్తి. వీళ్ళందరి గురించే ఈ రోజు.

ముందు తేదీలు తేల్చుకుందాం

చాలామంది ఇక్కడే తికమక పడతారు. 2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 దాకా మీరు సంపాదించింది 2024-25 ఆర్థిక సంవత్సరం. దాని మీద రిటర్న్ వేసే సంవత్సరాన్ని అసెస్‌మెంట్ ఇయర్ అంటారు, అది 2025-26. పోర్టల్‌లో కనిపించేది ఈ రెండోది. రెండూ ఒకటే అనుకుని తప్పు సంవత్సరం ఎంచుకుని డబ్బు కట్టేసేవాళ్ళు ఉన్నారు. ఆ తర్వాత చలానా సరిచేయించుకోవడం ఇంకో తలనొప్పి.

ఆడిట్ అక్కర్లేని మనలాంటి వాళ్ళకి మామూలు గడువు జూలై 31. కిందటేడు దాన్ని సెప్టెంబర్ 15కి పెంచారు. ఆ రోజు రాత్రి పోర్టల్ మొరాయిస్తే ఇంకొక్క రోజు, అంటే సెప్టెంబర్ 16 దాకా ఇచ్చారు. అది దాటినవాళ్ళకి చట్టంలో ఇంకో కిటికీ ఉంది. దాన్ని బిలేటెడ్ రిటర్న్ అంటారు, సెక్షన్ 139(4). అది డిసెంబర్ 31తో మూసుకుపోయింది.

అంటే 2024-25 సంవత్సరానికి మామూలు తలుపూ లేదు, పక్క కిటికీ కూడా లేదు. అయినా పని అయిపోలేదు. ఇంకా రెండు దారులు ఉన్నాయి. మీరు ప్రభుత్వానికి డబ్బు కట్టాల్సినవాళ్ళు అయితే ఒక దారి. ప్రభుత్వం మీకు తిరిగి ఇవ్వాల్సి ఉంటే ఇంకో దారి. ఈ రెండూ కలిపేసి చూస్తే అంతా గందరగోళమే. మీరు ఎటువైపో ముందు తెలియాలి.

మీరు ఎటువైపు?

దీనికి ఎవరి దగ్గరకీ వెళ్ళక్కర్లేదు, మీ ఫోన్ చాలు. ఇన్‌కమ్ ట్యాక్స్ ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో మీ పాన్ నంబరే యూజర్ ఐడీ. లాగిన్ అయ్యి రెండు కాగితాలు చూడండి. ఒకటి 26ఏఎస్. మీ పేరు మీద ఎవరెవరు ఎంత టీడీఎస్ కోశారో అందులో ఉంటుంది. రెండోది ఏఐఎస్, దీనికి వేరే మొబైల్ యాప్ కూడా ఉంది. బ్యాంకు వడ్డీ, షేర్లు, మ్యూచువల్ ఫండ్లు, సేవింగ్స్ ఖాతాలో ఏడాదికి 10 లక్షలు గానీ అంతకు మించి గానీ క్యాష్ వేసి ఉంటే అదీ, 30 లక్షలు, ఆ పైన స్థలం కొంటే అదీ, అన్నీ అక్కడ కనిపిస్తాయి. "వాళ్ళకి తెలీదులే" అనుకునేవాళ్ళు ఒక్కసారి ఏఐఎస్ తెరిచి చూడండి. నేను ఇంకేం చెప్పక్కర్లేదు.

టీడీఎస్ అంటే మీకు డబ్బు ఇచ్చేవాడు ముందే కొంత కోసి మీ పేరు మీద ప్రభుత్వానికి కట్టడం. కారు అద్దె, కాంట్రాక్టు పనుల మీద ఒక్క మనిషికైతే 1 శాతం. వృత్తి ఫీజుల మీద 10 శాతం. పాన్ ఇవ్వకపోతే చాలా చోట్ల 20 శాతం.

ఇప్పుడు ఆదాయం లెక్క. చిన్న వ్యాపారాలకి చట్టం ఒక సులువు ఇచ్చింది. సెక్షన్ 44ఏడీ కింద 2 కోట్ల లోపు టర్నోవర్ ఉంటే పూర్తి ఖాతా పుస్తకాలు రాయక్కర్లేదు. యూపీఐ, బ్యాంకు ద్వారా వచ్చిన అమ్మకాల మీద 6 శాతం, క్యాష్ మీద 8 శాతం లాభం చూపిస్తే సరిపోతుంది. కానీ అది కనీసం. నిజంగా ఎక్కువ మిగిలితే ఎక్కువే చూపాలి. డాక్టర్లు, లాయర్లు, ఇంజనీర్లు, ఇంటీరియర్ డిజైనర్లు, ఐటీ పని చేసేవాళ్ళు, ఇలా చట్టంలో పేరున్న వృత్తులకి 44ఏడీఏ. అక్కడ వచ్చిన మొత్తంలో సగం ఆదాయం. గూడ్స్ ఆటో, చిన్న లారీలకి 44ఏఈ. బండికి నెలకి 7,500 చొప్పున లెక్క.

మన ప్రాంతానికి సంబంధించి ఒక మాట. సొంత పొలంలో చెరకు పండించి అమ్మితే అది వ్యవసాయ ఆదాయం, దాని మీద పన్ను లేదు. మార్కెట్‌లో బెల్లం దిమ్మలు కొని అమ్మితే అది వ్యాపారం, 44ఏడీ వర్తిస్తుంది. కానీ సరుకు మీది కాకుండా మధ్యలో కమీషన్ తీసుకుంటే, ఆ కమీషన్‌కి 44ఏడీ వర్తించదు. ఇన్సూరెన్స్ ఏజెంట్లకీ అంతే. మీరు ఐటీఆర్-3 వేయాలి, ఖర్చుల లెక్క ఉండాలి. తెలియక ఐటీఆర్-4 వేసేస్తున్న కమీషన్ ఏజెంట్లు చాలామందే ఉంటారు. గడువు దాటిన రిటర్న్‌లో ఆ తప్పు కూడా కలిస్తే సరిదిద్దడం ఇంకా కష్టం.

పన్ను సున్నా అయినా రిటర్న్ ఎందుకు?

ఇది బాగా వినండి. ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. "12 లక్షల దాకా ట్యాక్స్ లేదంట కదా" అని వాట్సాప్‌లో చూసి రిటర్నే మానేశారు.

మొదటి విషయం, ఆ 12 లక్షలు 2025-26 ఆదాయానికి, అంటే ఈ మార్చితో ముగిసే ఏడాదికి. మనం మాట్లాడుతున్న 2024-25కి కొత్త విధానంలో ఆ పరిమితి 7 లక్షలే. రెండో విషయం, అది మినహాయింపు కాదు, రిబేటు. అంటే ముందు పన్ను లెక్క వేస్తారు, తర్వాత మాఫీ చేస్తారు. రిటర్న్ వేయాల్సిన బాధ్యత వేరు. 2024-25కి ఆదాయం 3 లక్షలు దాటితే రిటర్న్ తప్పనిసరి. 2025-26కి 4 లక్షలు దాటితే తప్పనిసరి. పన్ను సున్నా వచ్చినా సరే.

దానికి తోడు, ఆదాయం 3 లక్షల లోపే ఉన్నా కొందరికి తప్పనిసరే. ఏడాదిలో టర్నోవర్ 60 లక్షలు దాటినా, వృత్తి ఫీజులు 10 లక్షలు దాటినా, టీడీఎస్, టీసీఎస్ కలిపి 25,000 లేదా అంతకన్నా ఎక్కువ అయినా, కరెంటు బిల్లు ఏడాదికి లక్ష దాటినా, విదేశీ ప్రయాణానికి 2 లక్షలు దాటి ఖర్చు పెట్టినా వేయాల్సిందే.

ఈ లెక్కల్లో ఎక్కడా రానివాళ్ళు, అంటే షాపు చిన్నది, ఆదాయం 3 లక్షల లోపు, టీడీఎస్ లేదు, అలాంటివాళ్ళు ఊపిరి పీల్చుకోండి. మీకు గడువు దాటడం అనేదే లేదు. లేట్ ఫీజు కూడా లేదు. ఎవరైనా భయపెట్టి 3,000 తీసుకుని ఏదో వేస్తామంటే వద్దని చెప్పండి.

డబ్బు కట్టాల్సినవాళ్ళ దారి: ఐటీఆర్-యూ

దీన్ని అప్‌డేటెడ్ రిటర్న్ అంటారు, సెక్షన్ 139(8ఏ). 2022లో తెచ్చారు. అప్పట్లో అసెస్‌మెంట్ ఇయర్ ముగిశాక రెండేళ్ళే టైము. 2025 బడ్జెట్‌లో నాలుగేళ్ళు చేశారు. మంచి మార్పే, కానీ ఊరికే ఇవ్వలేదు. అసలు పన్ను, వడ్డీ కలిపిన మొత్తం మీద అదనపు పన్ను వేస్తారు. మొదటి ఏడాది లోపల వేస్తే 25 శాతం, రెండో ఏడాది 50, మూడో ఏడాది 60, నాలుగో ఏడాది 70.

అంకెల్లో చూద్దాం. ఒక ఇంటీరియర్ డిజైనర్ అనుకోండి. అనకాపల్లి, గాజువాక వైపు ఇళ్ళకి పని చేస్తాడు. 2024-25లో 20 లక్షలు వచ్చాయి. ఇచ్చినవాళ్ళంతా ఇళ్ళవాళ్ళే కాబట్టి ఎవరూ టీడీఎస్ కోయలేదు. 44ఏడీఏ కింద ఆదాయం 10 లక్షలు. కొత్త విధానంలో పన్ను 50,000, దాని మీద 4 శాతం సెస్సు 2,000, మొత్తం 52,000. అడ్వాన్స్ ట్యాక్స్ పైసా కట్టలేదు.

ఇతను డిసెంబర్ 31న అయినా బిలేటెడ్ రిటర్న్ వేసి ఉంటే లెక్క ఇలా ఉండేది. రిటర్న్ ఆలస్యానికి నెలకి 1 శాతం వడ్డీ, నాలుగు నెలలకి 2,080. అడ్వాన్స్ ట్యాక్స్ కట్టనందుకు ఏప్రిల్ నుంచి తొమ్మిది నెలలకి 4,680. మార్చి 15 గడువు తప్పినందుకు 520. లేట్ ఫీజు 5,000. అన్నీ కలిపి 64,280.

ఇప్పుడు అదే మనిషి ఈ జనవరి 20న ఐటీఆర్-యూ వేస్తే? నెలలో ఒక్క రోజు పడినా పూర్తి నెల కింద లెక్కేస్తారు. కాబట్టి ఆలస్యం వడ్డీ 2,600, అడ్వాన్స్ ట్యాక్స్ వడ్డీ 5,200, ఆ 520 అలాగే. పన్ను, వడ్డీ కలిపి 60,320. దాని మీద 25 శాతం అదనపు పన్ను 15,080. లేట్ ఫీజు 5,000. మొత్తం 80,400.

మూడు వారాల తేడాకి 16,120 రూపాయలు. ఒక చిన్న స్మార్ట్‌ఫోన్ డబ్బు. రిటర్న్ వేయడానికి పట్టేది ఒక సాయంత్రం.

అయినా ఇప్పుడు వేయడమే లాభం, ఎందుకంటే ఆగితే ఈ లెక్క ఇంకా పెరుగుతుంది. 2024-25 సంవత్సరానికి 25 శాతం రేటు 2027 మార్చి 31 దాకా ఉంటుంది, కాని వడ్డీ నెలనెలా నడుస్తూనే ఉంటుంది. వెనకటి ఏళ్ళు కూడా వేయనివాళ్ళకి అయితే ఈ మార్చి 31 చాలా ముఖ్యమైన తేదీ. 2023-24 ఆదాయానికి ఇప్పుడు 25 శాతం, ఏప్రిల్ 1 నుంచి 50. 2022-23కి ఇప్పుడు 50, తర్వాత 60. 2021-22కి ఇప్పుడు 60, తర్వాత 70. 2020-21కి ఇప్పుడు 70, మార్చి 31 తర్వాత దారే లేదు. రెండు మూడేళ్ళు పెండింగ్ ఉంటే అన్నీ ఈ రెండు నెలల్లో తేల్చుకోవడం మంచిది. డబ్బు ఒకేసారి సర్దుకోకపోతే, రేటు మారబోతున్న వాటిలో పెద్ద బాకీ ఉన్న ఏడాదిని ముందు వేయండి. 2024-25ది మాత్రం కొంచెం ఆగినా రేటు మారదు.

వేసే పద్ధతి గురించి ఒక్క విషయం. ఐటీఆర్-యూలో ముందు డబ్బు కట్టాలి, తర్వాతే రిటర్న్. పోర్టల్‌లో ఈ-పే ట్యాక్స్ అని ఉంటుంది. అసెస్‌మెంట్ ఇయర్ సరిగ్గా చూసుకుని కట్టి, చలానా వివరాలు రిటర్న్‌లో రాయండి. రిటర్న్ ఎందుకు వేస్తున్నారో కారణం అడుగుతుంది, ఇంతకుముందు వేయలేదు అని ఎంచుకోవడమే. కథలు రాయక్కర్లేదు.

ఐటీఆర్-యూ అందరికీ కాదు. ఆ ఏడాది మీద ఇప్పటికే అసెస్‌మెంట్ నడుస్తుంటే కుదరదు. నష్టం చూపడానికి కుదరదు. రీఫండ్ అడగడానికి అసలే కుదరదు. ఈ చివరి ముక్క దగ్గరే చాలామంది గుండె ఆగుతుంది. అక్కడికే వస్తున్నా.

డబ్బు రావాల్సినవాళ్ళ దారి

ఇంకో ఉదాహరణ. కశింకోటలో ఇంట్లోనే ఉండి హైదరాబాద్ కంపెనీకి ఫ్రీలాన్స్‌గా సాఫ్ట్‌వేర్ పని చేసే అమ్మాయి. 2024-25లో 12 లక్షలు బిల్లు చేసింది. కంపెనీ 10 శాతం చొప్పున 1,20,000 టీడీఎస్ కోసి మిగతాది ఇచ్చింది. 44ఏడీఏ కింద ఆదాయం 6 లక్షలు. 7 లక్షల లోపే కాబట్టి రిబేటు పోను పన్ను సున్నా. అంటే ఆ 1,20,000 మొత్తం తనదే, తిరిగి రావాలి.

సెప్టెంబర్ 16 లోపు వేసి ఉంటే మొత్తం వచ్చేది. డిసెంబర్ 31 లోపు వేసినా 5,000 లేట్ ఫీజు పోను 1,15,000 వచ్చేది. జనవరి 1 తర్వాత? ఐటీఆర్-యూలో రీఫండ్ లేదు. "ట్యాక్స్ కట్టేశారు కదా, నాకేం భయం" అనుకున్న మనిషికే ఎక్కువ దెబ్బ. పన్ను ఎగ్గొట్టినవాడికి నాలుగేళ్ళ దారి ఉంది, ఎక్కువ కట్టినవాడికి తలుపు మూసేశారు. ఇది నాకు న్యాయంగా అనిపించదు, కానీ చట్టం ప్రస్తుతానికి ఇలాగే ఉంది.

మిగిలిన దారి పేరు కండోనేషన్, అంటే ఆలస్యాన్ని మన్నించమని దరఖాస్తు. సెక్షన్ 119(2)(బీ). దీని మీద సీబీడీటీ 2024 అక్టోబర్ 1న 11వ నంబర్ సర్క్యులర్ ఇచ్చింది. అసెస్‌మెంట్ ఇయర్ ముగిసిన దగ్గర్నుంచి ఐదేళ్ళ లోపు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మన ఉదాహరణలో అమ్మాయికి 2031 మార్చి 31 దాకా టైము ఉంది. కోటి రూపాయల లోపు రీఫండ్ అయితే ప్రిన్సిపల్ కమిషనర్ స్థాయిలో తేలుస్తారు. దరఖాస్తు వచ్చిన నెలాఖరు నుంచి వీలైనంత వరకు ఆరు నెలల్లో తేల్చాలని కూడా అందులో ఉంది.

ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు. పోర్టల్‌లో సర్వీసెస్ కింద కండోనేషన్ రిక్వెస్ట్ ఉంటుంది. అందులో గడువు దాటాక ఐటీఆర్ వేయడానికి అనుమతి అనే రకం ఎంచుకోవాలి. దీనికి ఫీజు లేదు.

ఇస్తారా ఇవ్వరా అనేది రెండు విషయాల మీద ఉంటుంది. మీ రీఫండ్ నిజమైనదేనా? సకాలంలో వేయలేకపోవడానికి నిజమైన ఇబ్బంది ఉందా? "మర్చిపోయాను" అంటే చాలా బలహీనం. ఆసుపత్రిలో ఉంటే డిశ్చార్జ్ సమ్మరీ, ఇంట్లో చావు జరిగితే ఆ సర్టిఫికెట్, ప్రసవం అయితే ఆ కాగితాలు, కంపెనీ టీడీఎస్ వివరాలు ఆలస్యంగా ఎక్కించి ఉంటే ఆ ఈమెయిల్స్, ఇలా తేదీలున్న కాగితం ఏదైనా జత చేయండి. కారణం మీ గడువు రోజులకి అతకాలి. మార్చిలో వచ్చిన జ్వరానికి డిసెంబర్ గడువు తప్పిందంటే ఎవరు నమ్ముతారు? లేని జబ్బు కాగితాలు పుట్టించొద్దు, అది మామూలు ఆలస్యాన్ని కేసుగా మారుస్తుంది.

అనుమతి వస్తే ఆ ఆర్డర్ వివరాలతో రిటర్న్ వేయాలి. ఇలా ఆలస్యంగా వచ్చే రీఫండ్ మీద ప్రభుత్వం వడ్డీ ఇవ్వదు. అసలు వస్తే చాలు అనుకోవాలి.

కంపెనీకి కారు అద్దెకి పెట్టిన అన్నయ్య సంగతి చూద్దాం. ఏడాదికి 7,20,000 అద్దె, 1 శాతం చొప్పున 7,200 టీడీఎస్. డీజిలు, ఫైనాన్స్ వడ్డీ, రిపేర్లు పోగా ఆదాయం 3 లక్షల లోపే. ఇతనికి రిటర్న్ తప్పనిసరి కాదు, కానీ వేస్తేనే 7,200 వచ్చేది. ఇప్పుడు కండోనేషన్ పెట్టొచ్చు. మీరే స్వయంగా పెట్టుకుంటే ఖర్చు లేదు కాబట్టి పెట్టండి. ఎవరైనా 5,000 ఫీజు అడిగితే మాత్రం ఆ 7,200 వదిలేయడమే తెలివి. వచ్చే ఏడాది టైముకి వేసుకోండి.

ఎఫ్ అండ్ ఓలో పోగొట్టుకున్నవాళ్ళకి

ఇది కుర్రాళ్ళకి. "నష్టమే కదా వచ్చింది, రిటర్న్ ఎందుకు?" అంటారు. ఎఫ్ అండ్ ఓ కూడా వ్యాపారమే. గడువు లోపు ఐటీఆర్-3 వేసి ఉంటే ఆ నష్టాన్ని ఎనిమిదేళ్ళ దాకా ముందుకి తీసుకెళ్ళి, తర్వాత వచ్చే వ్యాపార లాభంలోంచి తీసేసుకోవచ్చు. ఇంట్రాడే నష్టానికి నాలుగేళ్ళు, అదీ ఇంట్రాడే లాంటి లాభాల్లోంచే. సెప్టెంబర్ 16 దాటిన రోజే ఆ హక్కు పోయింది. బిలేటెడ్‌లో కూడా అది రాదు. ఐటీఆర్-యూ నష్టానికి పనికిరాదని ఇందాకే చెప్పాను. పెద్ద నష్టమైతే కండోనేషన్ ఒక్కటే, ఎందుకంటే ఆ సర్క్యులర్ రీఫండ్‌తో పాటు నష్టాల విషయానికి కూడా వర్తిస్తుంది.

గడువు దాటితే పోయేది ఇంకొకటి ఉంది. పాత ట్యాక్స్ విధానం. ఎల్ఐసీ ప్రీమియం, ఇంటి లోను, పిల్లల ఫీజులు చూపించి పాత విధానంలో వేద్దామనుకున్న వ్యాపారస్తులు గడువు లోపు 10-ఐఈఏ ఫారం ఇవ్వాలి. ఇవ్వలేదంటే కొత్త విధానమే.

వేశాం గానీ వెరిఫై చేయలేదు

ఇలాంటివాళ్ళూ ఉన్నారు. రిటర్న్ సబ్మిట్ కొట్టి స్క్రీన్‌షాట్ తీసుకుని స్టేటస్ పెట్టేశారు. కానీ ఈ-వెరిఫై చేయలేదు. సబ్మిట్ చేసిన 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతో గానీ, బ్యాంకు ద్వారా గానీ వెరిఫై చేయాలి. లేదంటే సంతకం పెట్టిన కాగితం బెంగళూరు సీపీసీకి స్పీడ్ పోస్టులో పంపాలి. 30 రోజులు దాటి చేస్తే, వెరిఫై చేసిన తేదీనే మీరు రిటర్న్ వేసిన తేదీ. సెప్టెంబర్‌లో వేసి జనవరిలో వెరిఫై చేస్తే ఏమవుతుందో మీకే అర్థమవుతుంది. ఇప్పుడే పోర్టల్‌లో ఫైల్డ్ రిటర్న్స్ చూడండి. వెరిఫికేషన్ పెండింగ్ అని ఉంటే దానికి కూడా కండోనేషన్ రిక్వెస్ట్‌లో వేరే రకం ఉంది.

ఏజెంటు దగ్గర వేయించుకున్నవాళ్ళు ఇంకోటి చూడాలి. ప్రొఫైల్‌లో ఫోన్ నంబర్, ఈమెయిల్ మీవేనా, ఏజెంటువా? ఒక్కో ఏజెంటు వంద మందికి తన ఈమెయిలే పెడతాడు. నోటీసు వచ్చినా మీకు తెలీదు, అతను చెప్తే గానీ. మీ నంబర్, మీ ఈమెయిల్ పెట్టుకుని పాస్‌వర్డ్ మార్చుకోండి. అలాగే పాన్, ఆధార్ లింక్ అయ్యిందో లేదో చూడండి. లింక్ లేక పాన్ పనిచేయకపోతే రీఫండ్ ఆగిపోతుంది, టీడీఎస్ కూడా ఎక్కువ కోస్తారు.

నోటీసు వస్తుందా, జైలు ఉంటుందా?

అడిగారు కాబట్టి చెప్తున్నా. ఇప్పుడు రిటర్న్ వేస్తే నోటీసు వస్తుందేమో అని ఆగేవాళ్ళు తిరగేసి ఆలోచిస్తున్నారు. ఏఐఎస్‌లో లావాదేవీలు కనిపిస్తూ రిటర్న్ లేకపోతేనే నోటీసుకి అవకాశం ఎక్కువ. నోటీసు వచ్చి, ఆదాయం తక్కువ చూపారని తేలితే ఆ పన్ను మీద 50 శాతం జరిమానా, కావాలని తప్పుడు లెక్క చూపారంటే 200 శాతం. ఐటీఆర్-యూలో 25 శాతం దాని ముందు చిన్నదే.

చట్టంలో ప్రాసిక్యూషన్ ఉంది, అబద్ధం చెప్పను. కానీ టీడీఎస్, అడ్వాన్స్ ట్యాక్స్ పోగా బాకీ 10,000 దాటకపోతే రిటర్న్ వేయనందుకు ఆ కేసు ఉండదు. అంతకన్నా ఎక్కువ బాకీ ఉండి, నోటీసు కూడా వచ్చి ఉంటే, వీడియోలు చూడటం ఆపి మంచి సీఏ దగ్గరకి వెళ్ళండి. అందులో ఇచ్చిన తేదీ లోపల జవాబు ఇవ్వాలి.

నోటీసు అసలుదా నకిలీదా అనేది కూడా చూసుకోవాలి. 2019 అక్టోబర్ నుంచి శాఖ పంపే ప్రతి ఉత్తరానికీ డిన్ అనే నంబర్ ఉంటుంది. పోర్టల్ మొదటి పేజీలో లాగిన్ అవ్వకుండానే ఆ నంబర్ కొట్టి చూడొచ్చు. "మీ రీఫండ్ మంజూరైంది, ఈ లింక్ నొక్కండి" అని వచ్చే మెసేజ్‌లు నొక్కకండి. రీఫండ్ మీరు పోర్టల్‌లో పెట్టిన బ్యాంకు ఖాతాకే వస్తుంది, దానికి లింకూ అక్కర్లేదు, ఓటీపీ కూడా అక్కర్లేదు. పోర్టల్ హెల్ప్‌లైన్ 1800 103 0025. ఖర్చు లేని నంబర్.

"పది వేలు ఇస్తే లక్ష రీఫండ్ తెప్పిస్తా" అనేవాళ్ళకి దూరంగా ఉండండి. 2025 జూలైలో ఇలా దొంగ మినహాయింపులు పెట్టిన ఏజెంట్ల మీద శాఖ దేశమంతా సోదాలు చేసింది. ఏజెంటు తన ఫీజు తీసుకుని పోతాడు. రిటర్న్ మీ పాన్ మీద ఉంటుంది.

ఈ ఏడాది సంగతి

ఇప్పుడు నడుస్తున్నది 2025-26. ఇది మార్చి 31తో ముగుస్తుంది. ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వస్తోంది, 2025లో చేసింది. సెక్షన్ నంబర్లు మారతాయి, అసెస్‌మెంట్ ఇయర్ అనే మాట పోయి ట్యాక్స్ ఇయర్ వస్తుంది. అయితే ఈ 2025-26 ఆదాయానికి మాత్రం పాత చట్టమే. అందుకని ఈ వీడియోలో చెప్పిన నంబర్లు మీకు ఇంకొంత కాలం పనికొస్తాయి.

మన ఇంటీరియర్ డిజైనర్‌కి ఈ ఏడాది కూడా 20 లక్షలే వచ్చాయనుకోండి. ఆదాయం 10 లక్షలు. 12 లక్షల లోపు కాబట్టి పన్ను సున్నా. రిటర్న్ మాత్రం వేయాలి, 4 లక్షలు దాటింది కాబట్టి. మానేస్తే మళ్ళీ ఫీజు. ఆదాయం 12 లక్షలు దాటి పన్ను 10,000 లేదా ఆ పైన పడేవాళ్ళు, 44ఏడీ, 44ఏడీఏ కింద ఉంటే మొత్తం అడ్వాన్స్ ట్యాక్స్ ఈ మార్చి 15 లోపు ఒకేసారి కట్టొచ్చు. మిగతా వ్యాపారాలకి నాలుగు వాయిదాలు. అందులో మూడు ఇప్పటికే అయిపోయాయి.

జీఎస్టీ రిటర్న్‌లు ఆపేసినవాళ్ళ ప్రశ్నలు కూడా చాలా వచ్చాయి. దాని లెక్క వేరు, లేట్ ఫీజు రోజుకింత చొప్పున నడుస్తుంది. వరసగా ఆరు నెలలు వేయకపోతే రిజిస్ట్రేషన్ రద్దు చేసే అధికారం వాళ్ళకి ఉంది. అది ఇందులో కలిపితే రెండూ అర్థం కావు. వచ్చే ఎపిసోడ్ దాని మీదే. ఈలోపు 26ఏఎస్ డౌన్‌లోడ్ చేసుకుని దగ్గర పెట్టుకోండి, అప్పుడూ పనికొస్తుంది. ఉంటాను.